ఏడో రోజు పొద్దుగూకేలోగా

సంచిలో సర్దడానికి పెద్దగా సామానేమీ లేదు. అయినా వీరాయమ్మ దాన్ని మూడుసార్లు సర్ది, మూడుసార్లూ మళ్లీ ఖాళీ చేసింది.

అది పేట బౌద్ధ విహారంలో ఉంటున్న ఖేమానంద భంతే గారి సంచి. భుజానికి తగిలించుకునే ముదురెరుపు గుడ్డసంచి, బర్మా నేత. బౌద్ధ భిక్షువుకి సొంతమని చెప్పుకోదగ్గవి ఎనిమిదే వస్తువులు. వాటిలో మూడు చీవరాలు, అంటే కట్టుకునే బట్టలు, ఒంటిమీద ఉంటాయి, నడుముకి పట్టీ ఉంటుంది, భిక్షాపాత్ర భుజాన వేలాడుతుంది. ఇక సంచిలోకి వచ్చేవి మంగలికత్తి, సూదీ దారం, నీళ్లు వడగట్టుకునే గుడ్డ. పైన పాస్‌పోర్టు, విమానం టిక్కెట్టు. తినేవి పెడదామంటే మధ్యాహ్నం దాటాక భిక్షువు ముద్ద ముట్టడు, ఈ పూటది రేపటికని దాచుకోడు. బెల్లం మాత్రం మందు కింద కొన్నాళ్లు దగ్గర ఉంచుకోవచ్చని పుస్తకంలో చదివింది కాబట్టి, తాటిబెల్లం ఉండ ఒకటి కాగితంలో చుట్టి పెట్టింది. రంగూనులో జబ్బుపడి ఉన్న ఆయన తల్లి కోసం ఇంట్లో కాచిన కొబ్బరినూనె సీసా పెట్టింది. మూత ఊడి కారుతుందేమోనని తీసి, గుడ్డ బిగించి కట్టి, మళ్లీ పెట్టింది.

"ఏడ్రోజుల్లో వచ్చేసే మనిషికి ఇంత సద్దుడేంటి వదినా?" అంది పక్కింటి రాజేశ్వరమ్మ, విహారం మెట్ల మీద కూర్చుని. "మా అల్లుడు మస్కట్ ఎల్లినప్పుడు కూడా నేనింత సద్దలేదు."

"అందుకేనేమో, ఆ అబ్బాయి మూడేళ్లయినా ఇటు తిరిగి చూళ్లేదు."

"చూస్తే నాకేం ఒరిగింది? తిండి దండగ."

రాజేశ్వరమ్మ నవ్వింది. వీరాయమ్మకి నవ్వు రాలేదు. ఆవిడకి నాలుగేళ్లప్పుడు తండ్రి ఓ గోనెసంచి భుజాన వేసుకుని రంగూను బియ్యం మిల్లుల్లో పనికని కాకినాడలో ఓడెక్కాడు. ఆ ఏడే అక్కడికి యుద్ధం వచ్చింది, ఓడలు ఆగిపోయాయి. అడవులు పట్టి నడిచి వచ్చినవాళ్లు వచ్చారు. ఆయన రాలేదు. తర్వాత పెళ్లయి, పిల్లలు పుట్టాక, తల్లి పోయినప్పుడు వీరాయమ్మ కె.గంగవరంలో నాట్లలో ఉంది. కబురందేసరికి సాయంత్రమైంది. కోటిపల్లి రేవు దాటి పరిగెత్తుకొచ్చేసరికి మట్టి కప్పేశారు. అప్పటినుంచీ ఎవరు ఊరెళుతున్నా ఆవిడ వాళ్ల సంచి సర్దుతూనే ఉంటుంది. డెబ్భై ఏళ్లొచ్చినా ఆ గుణం పోలేదు.

ముమ్మిడివరం దాటాక కాలవగట్టు వెంట ఉన్న ఆ పేటవాళ్లు బౌద్ధం తీసుకుని పదేళ్లయింది. తొంభై ఆరు తుఫానుకి పడిపోయిన రాత్రిబడి పునాదుల మీదే రేకులు వేసి విహారం కట్టుకున్నారు. గోడకి అంబేద్కర్ గారి పటం, గద్దె మీద బుద్ధుడి విగ్రహం, ముందు మూడు మెట్లు. అన్నీ అమరాయి గానీ భిక్షువే దొరకలేదు. ఆఖరికి రిటైర్డు హెడ్మాస్టరు ప్రకాశరావు గారు నాగపూర్ సభకి వెళ్లినప్పుడు అక్కడ చదువుకుంటున్న ఖేమానంద భంతే కంటపడ్డారు. బర్మా దేశస్థుడు, ముప్పై ఏళ్లవాడు, నోరు తెరిస్తే మాత్రం తెలుగు. ఆయన ముత్తాత ఈ గోదావరి వైపు నుంచే వెళ్లి అక్కడ ఉండిపోయాడట. మాస్టారు ఇంక వదల్లేదు, బతిమాలి తీసుకొచ్చారు.

ఆయన తెలుగు మన ముత్తవ్వల నాటి తెలుగు. రైలుని పొగబండి అనేవారు. పేటలో పిల్లలు పడీపడీ నవ్వితే ఆయనా నవ్వేవారు. మాట వచ్చు గానీ, చిన్నప్పుడే బర్మా మఠంలో చేరడంతో తెలుగు అక్షరం రాదు. ఆ అక్షరాలు దిద్దించింది వీరాయమ్మ. ఆవిడేమైనా బడికెళ్లిన మనిషా అంటే అదీ కాదు. నలభయ్యో ఏట, కొట్లో ఉప్పూ పప్పూ కట్టిచ్చిన కాగితాలు విప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది. పెదాలు కదపకుండా ఇప్పటికీ చదవలేదు. పొద్దున్నే పదకొండింటికల్లా భంతే గారి పాత్రలో అన్నం పెట్టడం, మధ్యాహ్నం అరుగు మీద ఇద్దరూ కూర్చుని చదువుకోవడం, పది నెలలుగా ఆవిడ రోజు అలా గడిచింది.

ఇప్పుడాయన్ని పంపిస్తున్నది కూడా వీరాయమ్మే. అదెలాగంటే, అంతకు ముందు శుక్రవారం ముమ్మిడివరంలో ఎస్టీడీ బూతు నడిపే అబ్బులు సైకిలు మీద వచ్చి, విహారంలో ఆగి, తర్వాత ఆవిడ దగ్గరికొచ్చాడు.

"పిన్నీ, రంగూను నుంచి ఫోనొచ్చింది. భంతే గారి తల్లికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంట. చూడాలంటే ఇప్పుడే రమ్మన్నారు."

"ఆయనకి చెప్పేవా?"

"చెప్పేను. 'సరే' అన్నారు. చీపురు తీసుకుని వాకిలి ఊడుస్తన్నారు."

ఆదివారం విహారంలో వందన అయ్యాక కమిటీ కూర్చుంది. భంతే గారు ఓ పక్కన తల వంచుకుని కూర్చున్నారు. ప్రకాశరావు మాస్టారు మంచివారే, కానీ ఆయన మాట బల్ల మీద బెత్తంలా పడేది.

"నాకూ బాధగానే ఉందండీ. కానీ వర్షావాసం అంటే ఏంటి? ఆషాఢ పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా మూడు నెలలు భిక్షువు ఒక్కచోటే ఉండాలి. మధ్యలో కదిలితే వాసం చెడినట్టే. చెడిన వాసానికి ఆఖర్న కొత్త బట్టలిచ్చే చీవరదానం ఉండదు. మన విహారంలో ఇదే మొదటి వర్షావాసం. ఆ దానానికి నాగపూర్ నుంచి పెద్దలొస్తన్నారు, అమలాపురం అంతా కరపత్రాలు పంచేం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

వీరాయమ్మ లేచి, ఒళ్లో పెట్టుకున్న వినయం, అంటే భిక్షువుల నియమాల పుస్తకం తీసి, రాత్రంతా వెతికి చెవి మడిచి పెట్టుకున్న పేజీ విప్పింది. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చదివింది. తల్లికి గానీ తండ్రికి గానీ జబ్బు చేస్తే, భిక్షువు వర్షావాసంలో సైతం, పిలవకపోయినా వెళ్లవచ్చు. ఏడు రోజుల్లో తిరిగి రావాలి. వాసం చెడదు.

"పిలవకపోయినా వెళ్లొచ్చంటండీ మాస్టారూ. మరి పిలిచేరు కదా!"

మాస్టారు పుస్తకం అందుకుని కళ్లజోడు సవరించుకుని చదివారు. ఆ పేజీ ఆయనెప్పుడూ చూడలేదని అందరికీ అర్థమైంది. "ఆయ్, ఉంది," అన్నారు. "కానీ ఏడు రోజులంటే పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. దేశం కాని దేశం. రాకపోతే?"

"ఎందుకు రారు?"

"రాకపోతే అని అడుగుతన్నాను, అక్కయ్య గారూ. హామీ ఎవరు?"

అప్పుడు వీరాయమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను హామీ. ఏడో రోజు పొద్దుగూకేలోగా భంతే గారు ఈ గడపలో ఉంటారు. లేకపోతే నేను మళ్లీ ఈ మెట్లెక్కను. ఈ బుద్ధుడి ముందు ఒట్టు!"

"నోటికొచ్చిందల్లా ఒట్టెయ్యకు వదినా," అని రాజేశ్వరమ్మ కొంగు లాగింది.

భంతే గారు మొదటిసారి తలెత్తి చూశారు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద చదువుకి కూర్చున్నప్పుడు వీరాయమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఆ రూలు మీకు తెలీదా భంతే గారూ?"

"తెలుసమ్మా."

"మరి చెప్పొచ్చు కదండీ! మాస్టారు అంతలేసి మాటలంటుంటే నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూచున్నారు."

"నేను చెబితే నాకోసం నేనే సందు వెతుక్కున్నట్టమ్మా. మరొకరు చూపితే వెళ్తాను. చూపకపోతే ఉంటాను." ఆవిడ వైపు తిరిగి, "మీరు ఒట్టు వేయకుండా ఉండవలసింది," అన్నారు.

"మీరు వచ్చేస్తారు కదా. ఒట్టు నన్నేం చేసుద్ది?"

ఆయన పుస్తకం ముందుకు లాక్కున్నారు. ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నారు.

గల్ఫుకి టిక్కెట్లు తీసే అమలాపురం ఏజెంటు చేత మాస్టారు రానూపోనూ టిక్కెట్టు తీయించారు. శనివారం కలకత్తా నుంచి రంగూను, తిరిగి బుధవారం. కలకత్తాలో దిగి రైలెక్కితే గురువారం పొద్దుగూకేలోగా పేటకి చేరొచ్చు. బయల్దేరిన మర్నాటి నుంచి లెక్కేస్తే ఏడు రోజులు సరిగ్గా సరిపోయాయి.

గురువారం ఉదయం ఏడున్నర బస్సుకి అందరూ ముమ్మిడివరం సెంటరుకి వచ్చారు. వీరాయమ్మ మూడుసార్లు వంగి నమస్కరించి, సంచి అందించింది.

"వెళ్తున్నానమ్మా," అన్నారు భంతే గారు.

"అదేం మాటండీ. వెళ్లొస్తాను అనాలి."

ఆయన రేపటి సంగతి ఏదీ ఖాయంగా చెప్పే మనిషి కాదు. ఎల్లుండి భిక్షకి మా ఇంటికి రండి అంటే 'కుదిరితే' అనేవారు. జరుగుతుందో లేదో తెలియని మాట అనడం అబద్ధంతో సమానమట. అందుకని ఊరుకున్నారు. బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది.

"ఎక్కండి స్వామీ, టైమైపోయింది," అన్నాడు కండక్టరు.

"అనండి భంతే గారూ," అంది వీరాయమ్మ. బస్సు మెట్టుకి అడ్డంగా నిలబడింది. "అనకుండా ఎక్కకండి."

ఆయన ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశారు.

"వెళ్లొస్తానమ్మా," అన్నారు.

శనివారం సాయంత్రం అబ్బులు బూతుకి ఫోనొచ్చింది. రంగూనుకి ఏటవతల ఉన్న తల్లి ఇంటికి చేరారు, తల్లి మనిషిని గుర్తుపట్టింది. వీరాయమ్మ ఆ రోజు రెండు పూటలా తిన్నది.

సోమవారం అబ్బులు ఆవిడ కోసం మనిషిని పంపాడు. బూతులో చిన్న టీవీ ఉంది, మాస్టారూ రాజేశ్వరమ్మా అప్పటికే దాని ముందున్నారు. అందులో రంగూను వీధి. వానలో, చెప్పులు లేని కాళ్లతో, ముదురెరుపు చీవరాలు కట్టుకున్న భిక్షువులు వరసలు వరసలుగా నడుస్తున్నారు, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియలేదు. జనం వాళ్లకి అటూ ఇటూ చేతులు పట్టుకుని గోడలా నడుస్తున్నారు. అక్కడ ధరలు మండిపోయి, జనం తిండికి లేక అల్లాడుతుంటే భిక్షువులు వీధిలోకి వచ్చారనీ, సైన్యం వాళ్ల మీద చెయ్యి చేసుకుందనీ మాస్టారు చెప్పారు.

"ఒకాయన పాత్ర బోర్లించి పట్టుకున్నాడేంటండీ?" అంది రాజేశ్వరమ్మ.

"అంటే సైన్యం వాళ్ల చేతి భిక్ష తీసుకోం అని. భిక్షువుల్లో అంతకంటే పెద్ద శిక్ష లేదంట."

వీరాయమ్మకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోజూ పాత్రలో అన్నం పెట్టే మనిషి. ఒకరోజు ఆ పాత్ర తన ముందు బోర్లిస్తే ఏమైపోతానో అనుకుంది. తర్వాత టీవీకి ముక్కు ఆనించినట్టు నిలబడి, దాటిపోతున్న ఒక్కో గుండూ వెతకడం మొదలెట్టింది.

"అందరూ ఒక్కలాగే ఉన్నారు పిన్నీ. అయినా ఆయనుండేది ఏటవతల కదా, తల్లి దగ్గర," అన్నాడు అబ్బులు.

"అవునవును. ఏటవతల."

బుధవారం టీవీలో కాల్పుల చప్పుడు వినిపించింది. గురువారం పొద్దున్న, రాత్రికి రాత్రి సైన్యం మఠాల్లో జొరబడి భిక్షువుల్ని లారీల్లో ఎక్కించుకుపోయిందని చెప్పారు. ఒక మఠంలో నేల చూపించారు. చెదిరిన చెప్పులు, పగిలిన అద్దాలు, రక్తం.

ఆ గురువారం ఏడో రోజు. వీరాయమ్మ పొద్దున్న ఎనిమిదింటి నుంచి ముమ్మిడివరం బస్సు సెంటరులో నిలబడింది. రావులపాలెం నుంచి వచ్చే ప్రతి బస్సూ ఆగేదాకా చూసి, దిగినవాళ్లని చూసి, దిగనివాళ్లని కూడా కిటికీల్లోంచి చూసింది. అబ్బులు మధ్యలో రెండుసార్లు టీ తెచ్చిచ్చాడు. రంగూను లైను కలవడం లేదన్నాడు. కొబ్బరితోటల వెనక ఎండ ఎర్రబడి, తర్వాత అదీ పోయింది. ఆవిడ ఇంకో బస్సు చూసింది. అప్పుడు నడిచి పేటకి వెళ్లి, విహారం ముందు ఆగి, మెట్ల కింద మట్టిలో కూర్చుంది.

లోపల సాయంత్రం వందన జరుగుతోంది. మాస్టారు బయటికొచ్చారు. "పైకి రండి అక్కయ్య గారూ. అదేం పట్టింపండీ, ఆయన కావాలని ఆగేరా?"

"నేను కావాలనే ఒట్టేసేను కదండీ," అందావిడ.

శుక్రవారానికి బర్మా నుంచి ఇంటర్నెట్టు కూడా కట్టేశారని పేపర్లో పడింది. ఇక కబురన్నదే లేదు. దేశదేశాల్లో బౌద్ధులు ఊరికే కూర్చుని, దీపాలు పట్టుకుని, ఆ భిక్షువుల కోసం ప్రార్థిస్తున్నారని మాస్టారు చదివి వినిపించారు. మనమూ కూర్చుందాం అన్నారు. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి, అమలాపురం గడియారస్తంభం సెంటరులో.

రాజోలు నుంచి, కొత్తపేట నుంచి, ఐనవిల్లి దగ్గర పేటల నుంచి తెల్లబట్టలు కట్టుకుని నూట నలభై మంది వచ్చారు. గాలికి ఆరిపోకుండా కొవ్వొత్తుల్ని కొబ్బరిచిప్పల్లో నిలబెట్టుకున్నారు. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబులు త్రిమూర్తులు నోటుపుస్తకం తీశాడు.

"మైకుందాండీ?"

"లేదండీ," అన్నారు మాస్టారు.

"స్లోగన్లు?"

"లేవండీ."

"దిష్టిబొమ్మ?"

"మేం బౌద్ధులమండీ. ఏదీ తగలెట్టం. రెండు గంటలు కూచుని లేచిపోతాం."

"కూచోడానికేనా! ఆ మాత్రానికి పర్మిషనెందుకండీ?" అని పుస్తకం మూసేసి, కాసేపటికి తనే ట్రాఫిక్కుని పక్కకి మళ్లించడం మొదలెట్టాడు.

పళ్లబండి అతను వచ్చి, "ఎవరు పోయేరండీ?" అని అడిగాడు. బర్మాలో భిక్షువుల్ని కొట్టి పట్టుకుపోయారని చెబితే, "బర్మా అంటే మన బర్మా టేకు వచ్చే బర్మానా? అక్కడోళ్లు మీకేమవుతారండీ?" అన్నాడు. "ఒకాయన మాకు చుట్టమండీ," అన్నాడు అబ్బులు. పళ్లబండి అతను బండి మూలకి తోసి, తనూ ఓ కొబ్బరిచిప్ప అడిగి తీసుకుని చివర కూర్చున్నాడు.

ముందు వరసలో భంతే గారి ఫోటో పెట్టారు. మాస్టారు స్టూడియోలో పెద్దది చేయించారు. ఫోటో పెద్దది చేయిస్తే పోయినవాళ్లదే అయి ఉంటుందనుకుని స్టూడియో వాళ్లు ప్లాస్టిక్ గులాబీల దండ కూడా వేసి ఇచ్చారు. హడావుడిలో ఎవరూ చూసుకోలేదు. వీరాయమ్మ చూసింది. నూట నలభై మంది నిశ్శబ్దంగా కూర్చుని ఉండగా లేచి వెళ్లి, ఆ దండ తెంపి, పూలు పిడికిట్లో నలిపి కాలవలో పారేసి వచ్చి మళ్లీ కూర్చుంది.

త్రిశరణాలయ్యాక మైత్రీభావన. ముందు తనకి శుభం కోరుకోవాలి, తర్వాత తనవాళ్లకి, తర్వాత తెలియనివాళ్లకి, ఆఖర్న శత్రువులకి. అది భంతే గారు నేర్పిందే. శత్రువుల దగ్గరికొచ్చేసరికి వీరాయమ్మ ఆగిపోయింది. తుపాకులు పట్టుకున్నవాళ్లు సుఖంగా ఉండాలని ఎలా అంటుంది? పక్కనున్నవాళ్లంతా అంటున్నారు. అంతలో ఆవిడకి తట్టింది, ఆయనిప్పుడు వాళ్ల చేతుల్లోనే ఉన్నారేమో కదా అని. వాళ్లకి కడుపు నిండితే, నిద్ర పడితే, ఇంటినుంచి మంచి కబురు వస్తే, ఆ పూట ఆయన్ని కొట్టకుండా ఊరుకుంటారేమో. అంతే, ఆ సైనికులు చల్లగా ఉండాలని, వాళ్ల పిల్లలకి జ్వరాలు రాకూడదని, వాళ్ల అధికారులు వాళ్లని తిట్టకూడదని కన్నీళ్లు కారుతుండగా గొంతెత్తి కోరుకుంది.

ఆశ్వయుజ పున్నమి వచ్చింది, వెళ్లింది. వర్షావాసం ముగిసింది. నాగపూర్ పెద్దలు రాలేదు. చీవరదానం జరగలేదు.

నవంబరు ఆఖర్న వీరాయమ్మ పేర ఓ కవరొచ్చింది. ముద్ర విశాఖపట్నానిది. రంగూను నుంచి వచ్చిన తెలుగువాళ్లెవరో అక్కడ పోస్టులో వేశారు. లోపలిది భంతే గారి తల్లి అచ్చాయమ్మ చేతిరాత. అబ్బులు కవరు పట్టుకుని పేటంతా కేకేస్తూ వచ్చాడు. పావుగంటలో అందరూ విహారం మెట్ల మీద చేరారు. వీరాయమ్మ కింద మట్టిలో తన చోట కూర్చుని, వేలు పెట్టుకుని చదవడం మొదలెట్టింది.

"వీరాయమ్మ గారికి అచ్చాయమ్మ నమస్కారములు. నేను బ్రతికి ఉన్నాను. జబ్బు నయమైనది. అబ్బాయి శనివారం వచ్చి నా మంచం పక్కన మూడు దినములు కూర్చున్నాడు. మంగళవారం బయలుదేరినాడు. పట్నంలో గొడవగా ఉన్నది, నాలుగు దినములు ఆగి పొమ్మని నేను ఏడ్చినాను."

అక్కడ ఆవిడ ఆగింది. వేలు కాగితం మీద మెల్లగా జరిగింది. తర్వాత మళ్లీ గొంతు వినిపించింది.

"పడవ ఎక్కి పోయినాడు. విమానం బుధవారము కదా, ముందు రాత్రి ఒక మఠంలో పడుకున్నాడు. బుధవారం దారులన్నీ మూసినారు. విమానం దగ్గరకు పోలేక తిరిగి మఠానికే వచ్చినాడు. ఆ రాత్రి సైన్యం వచ్చి అందరినీ లారీలలో తీసుకుపోయినది. ఎదుటి టీ అంగడి మనిషి చూసినాడు. నేను లేచి తిరగగలిగిన దినము నుంచి జైలుకు పోయి అడుగుతున్నాను. ఆ పేరు లేదంటున్నారు. చీవరాలు విప్పించి ఏ పేర్లు వ్రాసుకున్నారో తెలియదు. అమ్మా, మీకేమైనా తెలిసినదా? మీకు తెలిసి ఉంటే నాకు వ్రాయగలరు."

ఎవరి ఇళ్లకి వాళ్లు ఏడుస్తూ వెళ్లిపోయారు. ప్రకాశరావు మాస్టారు మిగిలారు. మెట్లు దిగి వచ్చి, తెల్లపంచెతో అలాగే మట్టిలో కూర్చున్నారు.

"మధ్యలో ఒక ముక్క వదిలేసేరు, అక్కయ్య గారూ."

"మీకెలా తెలుసండీ?"

"ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత చదివించేను. మీ పెదాలు కదిలినాయి, మాట బయటికి రాలేదు."

వీరాయమ్మ ఉత్తరం ఆయన చేతిలో పెట్టి ఆ చోటు వేలితో చూపించింది. అక్కడ ఇలా ఉంది: "అక్కడ ఒక ముసలి అమ్మ నా రాక మీద ఒట్టు వేసి ఉన్నది, వెళ్లొస్తానని నోటితో అని వచ్చినాను, నేను చేరకపోతే ఆమె గుమ్మం బయట ఉండిపోతుంది అన్నాడు."

మాస్టారు అది చదివి, కళ్లజోడు తీసి, తుడుచుకోకుండా చేతిలోనే పట్టుకున్నారు.

"ఏడు రోజులంటే ఏడేనని బుధవారానికి టిక్కెట్టు తీయించింది నేనండీ," అన్నారు. "ఇంకో వారం తర్వాతకి తీయించుంటే ఏటవతల తల్లి దగ్గరే ఉండును. వాసం చెడితే చెడును. కరపత్రాలు వేయించేనని... కరపత్రాల కోసం..."

"మీరు టిక్కెట్టు తీయించేరు. హామీ అడిగేరు. ఒట్టు మాత్రం నేను వేసేను. మీరు అడగలేదు ఒట్టు."

"రండి, లేవండి. పైకి వెళ్దాం. ఆయనే ఉంటే మిమ్మల్నిలా కూచోనిస్తారా?"

వీరాయమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఈ ఒట్టు నిలబెట్టడానికే ఆయన పడవెక్కేరండీ మాస్టారూ. కన్నతల్లి ఏడుస్తున్నా ఎక్కేరు. ఇప్పుడు నేను దీన్ని ఉత్తిదే అని లేచి మెట్లెక్కేస్తే, మరి ఆయన దేనికి వెళ్లినట్టు?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరం మడిచి ఆవిడకిచ్చారు. చీకటి పడుతుండగా లేచి ఇంటికి వెళ్లారు.

వీరాయమ్మ మర్నాడు అచ్చాయమ్మకి ఉత్తరం మొదలెట్టింది. నాలుగు రోజులు పట్టింది రాయడానికి. మీ అబ్బాయిని పంపింది నేనే, పుస్తకం చూపించి గెలిచి పంపాను, తిరిగి వస్తారని ఒట్టు వేసిందీ నేనే, ఉత్తరంలో ఆ ముసలి అమ్మ అన్నది నన్నే, నాకేమీ తెలియలేదు, మీరు నన్ను తిట్టినా సరే జవాబు రాయండి అని రాసింది. జవాబు రాలేదు. మళ్లీ రాసింది. ఆ పై మే నెలలో అక్కడ పెద్ద తుఫాను వచ్చి ఏటవతల ఊళ్లు చాలా కొట్టుకుపోయాయని పేపర్లో చదివింది. అయినా ఇంకో రెండు ఉత్తరాలు రాసింది.

గడియారస్తంభం దగ్గర ప్రతి పున్నమికీ కూర్చోవడం కొన్నాళ్లు సాగింది. నూట నలభై మంది అరవై మంది అయ్యారు, పాతిక మంది అయ్యారు. రెండువేల తొమ్మిది వేసవికి వీరాయమ్మ, మాస్టారు, అబ్బులు, ఎప్పుడైనా రాజేశ్వరమ్మ. ఖైదీల పేర్లతో విదేశాల నుంచి జాబితాలు వచ్చేవి. మాస్టారు తెప్పించి ఇస్తే వీరాయమ్మ వేలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివేది. ఆ పేరు ఏ జాబితాలోనూ లేదు, చనిపోయినవాళ్ల జాబితాలో కూడా.

ఖేమానంద భంతే తిరిగి రాలేదు, వీరాయమ్మ ఆ మెట్లు ఎక్కలేదు. ఆయన వెళ్లింది రెండువేల ఏడు సెప్టెంబరు ఇరవయ్యో తేదీ, గురువారం.